సన్యాసియు సర్కారును: శ్రీ అల్లూరి సీతారామరాజు జీవితము

శ్రీ అల్లూరి సీతారామరాజు పేరు వినినంతనే తెలుగువాని కన్నులయెదుట నిలుచునది కాషాయవస్త్రములు, పెరిగిన గడ్డము, చేత విల్లు, వీపున అంబులపొదియు గల విగ్రహము. ఊరూర కూడళ్లలో మనము నిలిపికొన్నది ఆ రూపమునే. చలనచిత్రశాలలలో మనము చప్పట్లు చరచినదియు ఆ రూపమునకే. ఇందు విల్లును గూర్చి మన మెంతయో చెప్పుకొంటిమి. కాషాయమును గూర్చి మాత్రము తగినంతగా విచారించియుండలేదని మా యభిప్రాయము. ఆయన ఆయుధము పట్టినది 1922 ఆగస్టు మొదలు 1924 మే వరకు, అనగా రెండేండ్లకు లోపుగానే. అంతకుముందు అయిదేండ్లపాటు ఆయన మన్యములో నివసించెను. ఆ అయిదేండ్లును ఆయన జపము చేసికొనుచు, రోగులకు మందు లిచ్చుచు, జనులకు నీతి చెప్పుచు కాలము గడపెను. సర్కారువారు మొట్టమొదట పిలిపించి, ప్రశ్నించి, కావలిలో నుంచినది ఈ నిరాయుధుడైన సన్యాసినే గాని తుపాకులు గల వీరుని గాదు. చేత కర్రయైన లేని సాధువును జూచి అంత గొప్ప సామ్రాజ్యము ఏల కలతపడెను? ఈ ప్రశ్నకు సమాధానము దొరకినగాని రాజుయొక్క జీవితము మనకు బోధపడదని తలంచి, ఆయన చరిత్రమును ఈ దృష్టితో మరల చెప్పబూనితిమి.

రాజు 1897వ సంవత్సరము జూలై 4వ తేదీన విశాఖపట్నము జిల్లా పాండ్రంగి గ్రామములో, మాతామహుల యింట జన్మించెను. తండ్రి వెంకటరామరాజుగారు, తల్లి సూర్యనారాయణమ్మగారు. వంశీయుల స్వగ్రామము భీమవరము దగ్గరి మోగల్లు. తండ్రి రాజమహేంద్రవరమున ఛాయాచిత్రములు తీయు వృత్తిలో నుండి 1908లో మరణించెను. అప్పటికి బాలునికి పదునొకండేండ్లు. తాసీల్దారుగా నుండిన పినతండ్రి రామకృష్ణంరాజుగారు ఆ కుటుంబమునకు ఆధారమయ్యెను. కాకినాడ, నర్సాపురము, విశాఖపట్నము, తుని అను పట్టణములలో బాలుని చదువు సాగినది గాని ఒక్కచోటను నిలువలేదు. పరీక్షలయందుకంటె జ్యోతిషము, వైద్యము, గుఱ్ఱపుస్వారి, దైవపూజ వీనియందు ఆయనకు మక్కువ యెక్కువ. సర్కారుకొలువునందున్న పెద్దల యింట పెరిగిన బాలుడు సర్కారుకొలువు నాశింపకపోవుట ఆ దినములలో సామాన్య విషయము గాదు. ఆ కాలమున తెలుగుదేశమందలి ప్రతి మధ్యతరగతి గృహస్థుడును తన కుమారుడు తాసీల్దారు కావలెనని మ్రొక్కుకొనుచుండెను. ఈ కుఱ్ఱవాడు ఆ మ్రొక్కును తిరుగగొట్టి 1916 ప్రాంతమున ఉత్తరదేశ యాత్రకు బయలుదేరెను. తిరిగివచ్చిన పిమ్మట 1917లో నర్సీపట్నము తాలూకాలోని కృష్ణదేవిపేట చేరి, అక్కడనుండి మన్యముతో సంబంధము కల్పించుకొనెను.

ఆ నాటి మన్యము స్థితి ఎట్టిదో చెప్పనిదే తరువాతి కథ నడువదు. గోదావరికిని విశాఖకును నడుమ నున్న గూడెము, రంప కొండలలో ముఠా లనబడు గ్రామసముదాయములు గలవు. ఒక్కొక్క ముఠాకు ఒక్కొక్క ముఠాదారు పెద్ద. కోయలు, కొండదొరలు, బగతలు మొదలగు జనులు అడవిని నరికి, కాల్చి, పోడు వ్యవసాయము చేసికొని బ్రతుకుచుండిరి. 1839వ సంవత్సరపు శాసనముచేత ఈ కొండలలో పలుభాగములు సాధారణ న్యాయస్థానములనుండి వేరుచేయబడి, ఏజెంటుయొక్క అధికారము క్రిందికి వచ్చెను. తరువాత చెట్టుకల్లుపై చిగురుపన్ను పుట్టెను. 1879లో రంపదేశము తిరుగబడుటకు అదియొక ముఖ్యకారణము. 1882 మదరాసు అటవీశాసనము వచ్చిన పిమ్మట తాతముత్తాతల నాటి అడవి సర్కారు అడవియయ్యెను. పోడు నేరమయ్యెను. కట్టెపుల్లకును అనుమతి కావలసివచ్చెను. మైదానపు సాహుకార్లు అప్పు లిచ్చి భూములు వ్రాయించుకొనుచుండిరి. ఈ చెరుపు నరికట్టుటకై 1917లో ప్రత్యేక శాసనము చేయవలసివచ్చినదన్నచో పరిస్థితి ఎంతవరకు ముదిరెనో చదువరులే ఊహింపగలరు.

వీనికి తోడు బాటల పని యొకటి. నర్సీపట్నమునుండి లంబసింగి మీదుగా చింతపల్లికి పోవు మార్గమును వేయించునపుడు గూడెము డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ కొండవారిని బలవంతముగా పనికి లాగి, కూలి సరిగా ఈయక పీడించెను. నేడు మనము మోటారుబండ్లలో కూర్చుండి, చలికాలపు మంచు చూడవలెనని వేడుకగా ఎక్కిపోవునది ఆ దారినే. ఆ దారి ఎవరి వీపులమీదుగా వేయబడినదో ఎక్కువారిలో ఎందరు తలంతురు?

ఇట్టి దేశమునకు సన్యాసి వచ్చెను. వచ్చినవాడు పన్ను వసూలుచేయువాడు గాదు, అప్పు పెట్టువాడు గాదు, అడవిసరుకునకు వెల గట్టువాడు గాదు. మైదానమునుండి వచ్చిన మనుష్యుడు తమనుండి ఏమియు కోరకుండుట కొండవారికి క్రొత్త. ధారకొండ ప్రాంతమున ఆయన తపస్సు చేయుచుండెననియు, ఆయనకు మహిమలు గలవనియు, గుండ్లు ఆయనను తాకవనియు కథలు వ్యాపించెను. ఈ కథలను నమ్మవలెనని మేము చదువరులను కోరము. నమ్మినవారిని ఎగతాళి చేయుటయు తగదు. ఎన్నడును న్యాయము ఎరుగని జనులకు, తమ పక్షమున నిలుచు మనుష్యుడు దొరకుటయే పెద్ద మహిమ.

1920లో గాంధీమహాత్ముడు సహాయనిరాకరణోద్యమము నారంభించెను. తెలుగుదేశము ఆ పిలుపునకు పలికినట్లు పలికిన రాష్ట్రము మఱి యొకటి లేదని చెప్పినను తప్పులేదు. 1921లో చీరాల-పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున మునిసిపాలిటీపన్ను చెల్లింపక, ఊరు విడిచి, రామనగరమను పేర పాకలు వేసికొని నెలల తరబడి కాపురముండిరి. పల్నాటిలో అటవీపన్నులమీద సత్యాగ్రహము నడచెను. 1922 ఆదిని పెదనందిపాడు ప్రాంతమున పన్నుల నిరాకరణము జరిగెను. మన్యములో రాజు ఈ ఉద్యమము నుండి రెండు మూడు సంగతులు గ్రహించి, కొండవారికి నచ్చునట్లు చెప్పెను. కల్లును, సారాయిని మానుడనెను. ఖద్దరు కట్టుడనెను. సర్కారు కచేరీకి పోవక, తగవులను మీలో మీరే పంచాయతీలు పెట్టుకొని తీర్చుకొనుడనెను. జనులు వినిరి.

సర్కారువారి భయమునకు మూల మిచ్చటనే యున్నదని మా నమ్మకము. కల్లు మానినచో ఆబ్కారీ రాబడి పోవును. కచేరీకి పోనిచో తాసీల్దారుయొక్క గౌరవము పోవును. ఈ రెండును పోయిన పిమ్మట పాలన యనునది కాగితముమీద నుండును గాని కొండమీద నుండదు. రాజ్యము నిలుచునది సైన్యముచేత మాత్రమే యని మనము భ్రమపడుదుము. వాస్తవమున, ప్రతిదినమును జనులు తమంతట తాము దాని గడప ద్రొక్కుటచేతనే అది నిలుచును. గడప ద్రొక్కుట మానుడని చెప్పు సన్యాసి, కత్తి దూసిన వీరునికంటె ముందే రాజద్రోహియగును.

ఈ భావము క్రొత్తది గాదు. మన మహాభారతము శాంతిపర్వమున, ఆదియందు రాజ్యము గాని రాజు గాని దండము గాని లేవనియు, జనులు ధర్మముచేతనే ఒకరినొకరు కాపాడుకొనిరనియు భీష్ముడు ధర్మరాజునకు చెప్పుట గలదు. తెలుగుకవులలో ధూర్జటి రాజసేవను నరకప్రాయముగా నెంచెను. పోతన తన భాగవతమును నరాధిపునకు గాక శ్రీరామునకే అంకితము చేసెను. భాగవతమందలి ప్రహ్లాదుడు తండ్రి, రాజు, గురువు మువ్వురు చెప్పినను తన దైవమును విడువక, వారిపై చేయి యెత్తక, శిక్షల ననుభవించెను. హరియే ప్రభువైనపుడు హిరణ్యకశిపుని ప్రభుత్వమునకు చోటెక్కడిదని ఆ పసివాని వాదము.

క్రైస్తవులలోను ఈ వాదము గలదు. ఇశ్రాయేలు జనులు తమకు రాజు కావలెనని కోరినపుడు వృద్ధుడైన సమూయేలు ప్రవక్త వారిని హెచ్చరించిన కథ బైబిలులో నున్నది. రాజు మీ కొడుకులను తన రథములకు పట్టుకొనిపోవును, మీ కూతుండ్రచే వంట చేయించుకొనును, మీ పొలములను తోటలను తీసికొని తన సేవకుల కిచ్చును, పంటలో పదియవపాలు గుంజుకొనును అని ఆ ముసలివాడు ఏకరువు పెట్టెను. ఆ పట్టికను గూడెము కొండల ఫిర్యాదుల పట్టిక ప్రక్కన పెట్టి చూచినచో, దేశములు వేరైనను రాజ్యముయొక్క చేయి ఒక్కటే యని తోచును.

ఈ వాదమును మన కాలమునకు సమీపమున గట్టిగా నిలిపినవాడు రష్యాదేశీయుడైన టాల్‌స్టాయి. ఆయన 1828లో పుట్టినవాడు, జమీందారు, ఒకప్పుడు సైన్యాధికారి. ఏసుక్రీస్తుయొక్క కొండమీది ప్రసంగమును అక్షరాల నమ్మినవాడు న్యాయాధిపతియై శిక్ష విధింపరాదు, సైనికుడై చంపరాదు, ప్రమాణము చేసి రాజునకు దాసుడు కారాదు అని ఆయన సిద్ధాంతము. రాజ్యము హింసమీద నిలిచినది గనుక క్రీస్తునకును రాజ్యమునకును పొత్తు కుదురదు. అట్లని రాజ్యమును హింసచే పడగొట్టుటయు గూడదు. అట్లు చేసినచో ఒక రాజ్యము పోయి మఱియొక రాజ్యము వచ్చును. ఎవరికివారు దానితో పొత్తు మానుకొనుటయే మార్గము. దేవుని రాజ్యము మనయందే గలదని చెప్పు ఆయన గ్రంథమును రష్యాప్రభుత్వము నిషేధింపగా, అది 1894లో జర్మనీలో అచ్చుపడెను. 1901లో అచ్చటి మతాధిపతులు ఆయనను వెలివేసిరి. దూఖోబోరు లను క్రైస్తవ కర్షకులు 1895లో తమ ఆయుధములను తామే కుప్పవేసి కాల్చి, సైన్యములో చేరమనిరి. కొరడాదెబ్బలు తినిరి. వారు కెనడాకు వలసపోవుటకు టాల్‌స్టాయి తన నవలపై వచ్చిన సొమ్ము నిచ్చెను. ఊరు విడిచిన చీరాలవారిని తలంచుకొన్నచో ఆ కర్షకులు మనకు పరాయివారుగా తోపరు. గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాలో నుండగా 1894లో ఆ గ్రంథము చదివి చలించిపోయెను. 1910లో తాను స్థాపించిన ఆశ్రమక్షేత్రమునకు టాల్‌స్టాయి పేరే పెట్టెను. ఇట్లు రష్యాలో పుట్టిన భావము దక్షిణాఫ్రికా మీదుగా సహాయనిరాకరణమై, కృష్ణదేవిపేట కొండలకు చేరెను.

ఎదుటిపక్షము వాదమును దాచుట న్యాయము గాదు. అదే బైబిలులో పౌలు అధికారులకు లోబడియుండుడని వ్రాసెను. మన ధర్మశాస్త్రములలో రాజు దిక్పాలకుల అంశములతో పుట్టినవాడని చెప్పిరి. భీష్ముడును, ఆదియుగమును వర్ణించిన పిమ్మట, ధర్మము చెడి బలవంతుడు దుర్బలుని మ్రింగుటచేతనే రాజు అవసరమయ్యెనని చెప్పెను. కావున మతము రాజ్యమును కాదన్నదని గాని అవునన్నదని గాని ఒక్కమాటలో తేల్చుటకు వీలులేదు. అయినను మతమంతయు ఒక్క విషయమున ఏకీభవించును. ధర్మమునకు మించిన రాజు లేడు. రాజు ధర్మము దప్పినపుడు ప్రజ ఏమి చేయవలెను? ఇచ్చటనే దారులు చీలును. ఇచ్చటనే సీతారామరాజు జీవితమును రెండుగా చీలెను.

1922 ఆదిని సర్కారువారు రాజును అనుమానించి, నర్సీపట్నమునకు రప్పించి, ప్రశ్నించి, కావలిలో నుంచిరి. పట్టి బంధించుటకు తగిన నేరము దొరకలేదు. అధికారులలో ఫజులుల్లాఖాను అను డిప్యూటీ కలెక్టరు ఆయనయందు ఆదరము జూపి, పైడిపుట్టలో భూమి యిప్పించి, వ్యవసాయము చేసికొనుమని నిలిపెను. ఒక మహమ్మదీయ అధికారియు ఒక హిందూ సన్యాసియు పరస్పరము గౌరవించుకొనిన ఈ ఘట్టము స్మరింపదగినది. భూమి దొరకినది, నెమ్మది దొరకినది. కొండలలో మాత్రము బాధ తగ్గలేదు. ఆ ఫిబ్రవరిలో చౌరీచౌరా దుర్ఘటనము జరుగగా మహాత్ముడు ఉద్యమమును నిలిపివేసెను. మైదానములలోని కార్యకర్తలు ఇండ్లకు పోగలిగిరి. కొండవారికి ఇల్లనునదే చిక్కులో నున్నది. జూన్ నెలలో రాజు పైడిపుట్ట విడిచి మరల మన్యము జొచ్చెను.

ఆయనకు తోడైనవారు బట్టిపనుకుల గాము గంటందొర, ఆతని తమ్ముడు మల్లుదొర, గోకిరి ఎర్రేసు, కంకిపాటి పడాలు మున్నగువారు. గంటందొర బాస్టియనుతో తగవుపడి మునసబు పదవి పోగొట్టుకొన్నవాడు. వీరందఱు న్యాయము కొఱకు కచేరీల చుట్టు తిరిగి విసిగినవారే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుఠాణాలను ఈ దళము ముట్టడించెను. మొత్తము ఇరువదియారు తుపాకులును, రెండువేల అయిదువందలకు పైగా గుండ్లును చిక్కెను. రాజవొమ్మంగిలో బందీగా నున్న వీరయ్యదొర విడుదల పొందెను. తీసికొన్న ఆయుధముల పట్టికను ఠాణా దస్తరములో వ్రాసి, సంతకము చేసి పోవుట రాజుయొక్క పద్ధతి. దోపిడికాండ్రు సంతకములు చేయరు. ఆయన తన్ను తాను దొంగగా భావింపలేదు. ఎదుటివారిని న్యాయమైన ప్రభువులుగాను భావింపలేదు.

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు అను ఇరువురు దొరలు హతులైరి. వారికి ముందు నడచిన భారతీయ సిపాయీలను దళమువారు పోనిచ్చి, వెనుక వచ్చిన దొరలపైననే కాల్చిరి. భారతీయుని చంపరాదన్నది రాజు పెట్టుకొన్న నియమము. ఈ నియమముచేతనే ఆయన పలుమారులు తనకు దొరకిన అవకాశమును వదలుకొనెను. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరము ఠాణాలపై దాడులు జరిగెను. డిసెంబరు 6న పెదగడ్డపాలెము వద్ద మలబారు ప్రత్యేక పోలీసులతో జరిగిన పోరులో దళమునకు గొప్ప నష్టము కలిగెను. 1923 ఏప్రిల్ 17న రాజు అన్నవరమున ప్రత్యక్షమై, సత్యనారాయణస్వామిని దర్శించుకొనగా జనులు హారతులు పట్టిరి. గాంధీమహాత్మునియందు తనకు గౌరవము గలదనియు, హింస లేనిదే స్వరాజ్యము రాదని మాత్రము తాను తలంచుచున్నాననియు ఆయన యచ్చట చెప్పినట్లు ఆ దినములలో వెల్లడియయ్యెను.

ఇచ్చట టాల్‌స్టాయియు రాజును విడిపోయిరి. కచేరీకి పోకుడన్న రాజును టాల్‌స్టాయి కౌగిలించుకొనియుండును. దామనపల్లి కనుమలో తుపాకి పేల్చిన రాజునుండి మొగము త్రిప్పుకొనియుండును. ఈ భేదమును మేము చిన్నదిగా చేయము. ఆయుధము పట్టిన యెడల, పట్టినవాని ఉద్దేశమెంత నిర్మలమైనను, ఆయుధముయొక్క ధర్మమే నడుచును గాని పట్టినవాని ధర్మము నడువదు. చేతులు ముడుచుకొన్న కొండవానిని శిక్షించుటకు సర్కారు సాకు వెదకుకొనవలసివచ్చెను. తుపాకి పట్టిన కొండవానిని కాల్చుటకు సాకు అక్కరలేకపోయెను. నర్సీపట్నము బలగములకు కేంద్రమయ్యెను. మలబారు దళమునకు పిమ్మట అస్సాం రైఫిల్సు వచ్చెను. 1924లో రూథర్‌ఫర్డు ప్రత్యేకాధికారిగా నియుక్తుడై, ఊళ్లను నిర్బంధించి, తిండిగింజలు కొండయెక్కకుండ కట్టుదిట్టము చేసెను. దళమువారు కొలదిమంది. ఆకలి పాలైనవారు వేలమంది.

1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడెను. 1924 మే 6న జరిగిన పోరులో అగ్గిరాజు గాయపడి చిక్కెను. మఱునాడు, అనగా మే 7వ తేదీన, మంప గ్రామము వద్ద స్నానసంధ్యలలో నున్న సీతారామరాజు పట్టుబడెను. ఆయనను కొయ్యూరునకు కొనిపోయిరి. అచ్చట మేజర్ గూడాల్ విచారణ లేకయే కాల్చి చంపించెను. పారిపోబోగా కాల్చితిమని సర్కారువారు ప్రకటించిరి. శవమును కృష్ణదేవిపేటకు మోయించి మే 8న దహనము చేసిరి. ఆయనకు ఇరువదియేడవ యేడు ఇంకను నిండలేదు. కొలదివారములలో గంటందొరయు హతుడయ్యెను. అగ్గిరాజు అండమానులో ప్రాణములు విడిచెను.

ఆ పట్టుబడిన సన్యాసిని న్యాయస్థానము ముందు నిలువబెట్టక చంపుటలో ఒక అర్థము గలదు. న్యాయస్థానములు వలదన్నవానికి శిక్ష విధించుటకు, న్యాయస్థానములచే గర్వించు ప్రభుత్వమునకే తన న్యాయస్థానముమీద నమ్మకము లేకపోయెను. ఇంతకంటె గొప్ప సాక్ష్యము రాజు వాదమునకు మఱి యేది కావలెను? ఏ రాజ్యమునకు వెనుకనైనను తుదకు మిగులునది తుపాకియే యని టాల్‌స్టాయి వ్రాసినదానికి కొయ్యూరు ఇసుక సాక్షియయ్యెను.

మైదానమునందలి మన పెద్దలు అప్పుడేమి చేసిరి? ఈ ప్రశ్నను తప్పించుకొని పోరాదు. నాయకులలో పలువురు అహింసావ్రతము కారణముగా దూరముగా నిలిచిరి. ఆ వ్రతము గౌరవింపదగినదే. కాని వెట్టిచాకిరిని గూర్చి, అడవిచట్టమును గూర్చి, సాహుకార్ల పత్రములను గూర్చి అహింసతోనే మాటలాడవచ్చును గదా! తుపాకి వద్దన్నవారు కొండవానికి తుపాకి లేని మార్గమును చూపియుండవలసినది. చూపలేదు. పొలముగట్ల మీదను, పట్టణపు అరుగుల మీదను కూర్చుండి రాజును పొగడినవారు కలరు, తెగడినవారు కలరు. కొండయెక్కి పంచాయతీకి తోడుగా కూర్చుండినవారు అరుదు. 1929లో మహాత్ముడు ఆంధ్రదేశములో సంచరించిన పిమ్మట, రాజుయొక్క సాయుధమార్గమును తాను సమ్మతింపకున్నను ఆయన ధైర్యత్యాగములకు తాను తలవంచుచున్నట్లు వ్రాసెను. ఆ న్యాయమైన తీర్పు అయిదేండ్లు ఆలస్యముగా వచ్చినది.

కథ అచ్చటితో ముగిసినదా? ముగియలేదు. మరణశిక్ష పడి, యావజ్జీవముగా మార్పు పొందిన మల్లుదొర బ్రతికి, స్వరాజ్యము చూచి, 1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో విశాఖపట్నమునుండి లోకసభకు ఎన్నికయయ్యెను. ఠాణాను ముట్టడించిన చేయి శాసనములు చేయుచోట లేచినది. రాజ్యము వలదన్న దళములో మిగిలినవాడు రాజ్యాంగమును నమ్మి దిల్లీకి పోయెను. దీనిని టాల్‌స్టాయి మెచ్చడు. ప్రజలు ఎన్నుకొన్నంత మాత్రమున హింస అహింసయగునా అని ఆయన అడుగును. ఆ ప్రశ్న తోసిపుచ్చదగినది గాదు. అయినను గడప ద్రొక్కవలదన్న చోటనే, గడప మనదైనపుడు లోపలికి పోయి కూర్చుండుటయు ధర్మమేయని మల్లుదొర జీవితము చెప్పుచున్నది.

ఐతే గడప నిజముగా కొండవానిదైనదా? 1970లో ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతులలోనికి పోకుండ కట్టుదిట్టమైన నిబంధన వచ్చెను. 1996లో షెడ్యూల్డు ప్రాంతములందు గ్రామసభలకు అధికారములిచ్చు చట్టము వచ్చెను. 1997లో సమత యను సంస్థ తెచ్చిన వ్యాజ్యెములో, ఈ విశాఖ ఏజెన్సీకి సంబంధించియే, గిరిజనభూమిని గనులకై గిరిజనేతరులకు కౌలు కీయరాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2006లో అటవీహక్కుల చట్టము వచ్చెను. 1882లో పోయిన అడవిపై కొండవాని హక్కును, నూట ఇరువదినాలుగేండ్లకు గాని చట్టము ఒప్పుకొనలేదు. రాజు చెట్టుక్రింద కూర్చుండబెట్టిన పంచాయతీ నేడు గ్రామసభయను పేర చట్టములో నున్నది. చట్టములో నున్నది కొండలో నున్నదా యని అడుగుచుండుట మన విధి.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడెను. నర్సీపట్నము అనకాపల్లి జిల్లాలో చేరెను. ఆ జూలై 4న, నూట ఇరువదియైదవ జయంతినాడు, భీమవరమున ముప్పదియడుగుల కంచువిగ్రహము నిలిచెను. సర్కారు వద్దన్న సన్యాసి పేర సర్కారువారి జిల్లాయే వెలసినది. ఇది గౌరవము. ఇది పరీక్షయు. ఆ పేరు గల కచేరీకి పనిమీద వచ్చిన కొండవాడు రోజంతయు గుమ్మమువద్ద నిలువబడి, పని గాక తిరిగిపోయినచో, గోడమీది పటములోని సన్యాసి ఎవరి పక్షమున నుండునో ఆ కచేరీలోనివారు ఆలోచించుకొనవలెను.

చదువరులలో భూములు గలవారు, వ్యాపారములు గలవారు, కొలువులు గలవారు కలరు. వారందఱును రాజ్యమును విడిచి అడవికి పోవలెనని మేము చెప్పుట లేదు. తుపాకి పట్టుడనుట అసలే లేదు. రాజుయొక్క చివరి రెండేండ్ల మార్గమును ఆయన ధైర్యమునకై స్మరింతము. అనుసరింపదగినది మాత్రము మొదటి అయిదేండ్ల మార్గమని మా నిశ్చితాభిప్రాయము. బలవంతునినుండి ఏమియు కోరక, బలహీనునినుండియు ఏమియు కోరక, జనుల నడుమ కూర్చుండి, మీ తగవు మీరే ధర్మముగా తీర్చుకొనగలరని చెప్పిన మనుష్యుని ఏ ప్రభుత్వమును సహింపజాలదు, ఏ ప్రభుత్వమును జయింపజాలదు. నర్సీపట్నమునుండి కొండదారి పట్టునపుడు ఈ సంగతి తలంచుకొని, ఆ దారి వేసినవారి మనుమలు నేడెట్లున్నారో దిగి అడిగి తెలిసికొన్నచో, విగ్రహమునకు వేసిన వేయి దండలకంటె అదియే ఆ సన్యాసికి మనము చేయు అర్చనము.